గురువు లేని విద్య: అమెరికా గాడితుపాకి పునర్జన్మ చరిత్ర

తుపాకి యను పదము తురుష్క పారశీక వ్యవహారముల మార్గమున తెలుగునకు వచ్చినది. ఫిరంగి యను పదమునకు మూలము పాశ్చాత్యులను ఫరంగులని పిలిచిన వాడుక. 1520లో జరిగిన రాయచూరు ముట్టడియందు క్రిస్తోవావ్ ద ఫిగేరేదో అను పోర్చుగీసువాడు తన తుపాకిగాండ్రతో శ్రీకృష్ణదేవరాయల పక్షమున నిలిచెనని నూనిజ్ వ్రాసియున్నాడు. అట్టి పరిచయము బలపడిన కొలది మన సిపాయిలును, కమ్మరులును ఈ ఆయుధపు అంగములకు పేర్లు పెట్టుకొనిరి. మందును గుండును లోనికి దిగగొట్టు కడ్డీ గజము. కొలతకును కడ్డీకిని ఒకటే పేరగుట గమనింపదగినది. చెవిబెజ్జము వద్ద పోయు మెత్తని మందు రంజకము. నిప్పు రాల్చు రాయి చెకుముకి. ఇది మన పొయ్యిలవద్దను వాడిన మాట. కాని రైఫిలు అను శబ్దమునకు మాత్రము మన భాషలో ఇట్టి చరిత్ర లేదు. గొట్టము లోపల గాడులు చెక్కుట అను అర్థము గల జర్మను ధాతువు నుండి పుట్టి, ఇంగ్లీషు ద్వారా మనవద్దకు వచ్చునప్పటికి ఆ గాడుల సంగతి మరుగునపడి, ఏదో యొక తుపాకి పేరుగా మాత్రమే నిలిచినది. ఈ వ్యాసమున మేము దానిని గాడితుపాకి యని వ్యవహరింతుము. గాడులకు నడుమ మిగులు ఎత్తు భాగములను గట్లు అందుము. చిత్రమేమన, ఇంగ్లీషు పనివారును వానిని నేల యను అర్థము గల మాటతోనే పిలుతురు. ఇనుప గొట్టములోనికి తొంగిచూచిన మనుష్యునికి ఏ దేశమునందైనను దున్నిన పొలమే కనబడుచున్నది కాబోలు.

పదచర్చ ఇంతటితో చాలింతుము. మేము విచారింపదలచిన విషయము వేరు. మూతినుండి మందు కూరి చెకుముకితో పేల్చెడి పొడవైన గాడితుపాకిని చేయు విద్య పదునెనిమిదవ శతాబ్దిలో ఉత్తర అమెరికాలోని పెన్సిల్వేనియా మండలమున పెంపొందినది. పందొమ్మిదవ శతాబ్దిలో క్షీణించినది. ఇరువదవ శతాబ్దిలో దాదాపు చేతులు మారకుండనే అంతరించబోయి, మరల లేచినది. నేడు ఆ దేశమున కమ్మరి కులమున పుట్టనివాడు, వడ్రంగము నేర్వనివాడు, గుమాస్తాయో ఉపాధ్యాయుడో యైనవాడు, తీరిక వేళలలో ఒక మేపుల్ పలకను ముందు పెట్టుకొని తన మొదటి తుపాకిని చేయ మొదలిడుచున్నాడు. అతనికి గురువెవరు? తండ్రినుండి కొడుకునకు, ఒజ్జనుండి శిష్యునకు ముట్టిన పరంపర తెగిపోయిన పిమ్మట చేతిపనిని మరల నేర్చుకొనుట సాధ్యమా? సాధ్యమైనచో అది పాత విద్యయే యగునా, లేక పాతదాని వేషము వేసికొన్న కొత్తదా? తాళపత్రములను పరిష్కరించువారికి ఈ ప్రశ్న పరాయిది కాదు. మేము కమ్మరులము కాము. పాఠకుల దృష్టితోనే ఈ పనిని పరిశీలించుచున్నాము.

గొట్టములో గాడులు తీయుట పదునారవ శతాబ్ది నాటికే జర్మను భాషా ప్రాంతములలో తెలిసిన విద్య. గాడులు సూటిగా గాక మెలిదిరిగి యుండుటచే గుండు తన చుట్టు తాను తిరుగుచు పోవును. బొంగరము తిరుగుచున్నంతసేపు వాలనట్లే అదియు దారి తప్పదు. నున్నని గొట్టము గల సిపాయి తుపాకి నూరు గజముల దూరమున మనుష్యుని తగులుట అదృష్టముపై నాధారపడియుండగా, గాడితుపాకి నేర్పరి చేతిలో రెండు వందల గజముల వరకును నమ్మదగినదై యుండెను. జర్మను వేటగాండ్ర గాడితుపాకి పొట్టిది. దాని గొట్టము ఇంచుమించు 30 అంగుళములు, గుండు పెద్దది. 1683 మొదలుకొని జర్మనులును, 1710 ప్రాంతమునుండి స్విట్జర్లాండుకు చెందిన మెన్నొనైటు మతస్థులును పెన్సిల్వేనియాలో దిగిరి. వారి వెంట ఈ విద్యయు దిగినది. అక్కడి అడవులలో వేటగాడు వారములకొలది ఊరికి రాడు. సీసమును మందును భుజముపై మోయవలెను. కావున గుండు చిన్నదైనది. గొట్టము 42 మొదలు 46 అంగుళముల వరకు సాగినది. అక్కడి మేపుల్ కొయ్య కుదురైనది. పెద్ద తుపాకి సన్నబడి నాజూకైనది. గుండును నూనెగుడ్డలో చుట్టి దింపు పద్ధతి అమెరికనులు కనిపెట్టినదని కొందరు వ్రాసిరి గాని, అది ఐరోపాలో పూర్వమే తెలిసినది. స్వదేశాభిమానము చరిత్రకారుని కలమును ఎక్కడనైనను కొంత జారనిచ్చును.

1740లో జర్మనీలోని మైన్జులో పుట్టి, 1748లో అమెరికా చేరి, లాంకాస్టరులో తుపాకులు చేసి 1822లో మరణించిన జేకబ్ డికర్టు ఈ విద్యకు తగిన ప్రతినిధి. మొరేవియను మతస్థుల క్రిస్టియన్స్ స్ప్రింగు గ్రామమున ఆండ్రియాస్ ఆల్బ్రెక్టు, అతని పిదప క్రిస్టియన్ అర్టరు నడపిన శాల మరియొకటి. 1775 జూన్ 14న అమెరికను కాంగ్రెసు పది గాడితుపాకి దళములను ఏర్పరచవలసినదని తీర్మానించి, అందు ఆరింటిని పెన్సిల్వేనియా నుండియే కోరుట ఈ విద్య ఎచ్చట పాదుకొనినదో చెప్పకయే చెప్పుచున్నది. పిమ్మట దీనికి కెంటకీ తుపాకి యని పేరు వచ్చినది. 1815లో న్యూ ఆర్లియన్సు యుద్ధమున కెంటకీవారి వీరమును పొగడిన పాట యొకటి దేశమంతట ప్రాకుటయే ఇందుకు కారణము. చేసినవారు పెన్సిల్వేనియనులు, పేరు కెంటకీకి దక్కినది; కవి మాట కమ్మరి ముద్ర కంటె బలీయము.

ఇట్టి తుపాకి చేయుటలో ఎన్ని వృత్తులు కలిసినవో చూడుడు. ఇనుమును కాచి గొట్టము అదుకువాడు కమ్మరి. కొయ్యను తొలిచి రూపుదిద్దువాడు వడ్రంగి. ఇత్తడిని పోతపోసి మడమపట్టీ, మీటచుట్టు, గుడ్డల అర మూత చేయువాడు కంచరి. వెండి రేకును కోసి కొయ్యలో పొదిగి దానిపై లతలు గీయువాడు కంసాలి. మన పంచాణమువారి ఐదు పనులలో నాలుగు ఒక్కని చేతిలోనే కూడినవి. కొయ్యపై ఉబ్బెత్తుగా ఆకులు చెక్కుటను లెక్కింతుమేని ఐదవదగు కాసెపనియు లేకపోలేదు. బాలుడు ఒజ్జతో కరారు వ్రాసికొని, సాధారణముగా ఇరువదియొకటవ ఏట వరకు ఆయన యింట తిని, ఆయన కొలిమి ఊది నేర్చెడివాడు. నేర్చినది చేతికి వచ్చెడిది గాని కాగితమునకు రాలేదు. వారిలో ఎవరును తమ పనిని ఆద్యంతము వివరించు గ్రంథమును విడిచిపోలేదు.

ఒక సంగతిని ఇచ్చటనే చెప్పవలసియున్నది. తరువాతి వివాదమునకు ఇది ఆధారము. ఆ పాత ఒజ్జలందరును తుపాకిని మొదలంట తామే చేసిరనుట సత్యము కాదు. చెకుముకి యంత్రమును, అనగా కొక్కెము, ముల్లుబద్దలు, రంజకపు గిన్నె, దాని ఉక్కుమూత కలిసిన భాగమును, వారు ఇంగ్లండు నుండియు జర్మనీ నుండియు వచ్చిన సరకులో తరచుగా కొనెడివారు. గొట్టములను నీటిచక్రముతో నడచు ప్రత్యేక శాలలలో చేయించి తెప్పించుకొనుటయు వాడుకయే. పందొమ్మిదవ శతాబ్దిలో ఈ వాడుక ముదిరినది. రెమింగ్టన్ వంటివారి గొట్టములు దుకాణములలో దొరకెను. రాపిడి రాయికి బదులు పేలుడు టోపీ వచ్చెను. 1861-65 నాటి అంతర్యుద్ధము పిదప తూటా తుపాకులు యంత్రశాలలనుండి వెల్లువగా వెలువడెను. ఒజ్జకు శిష్యుడు కరవైనాడు.

విద్య పూర్తిగా చావలేదు, కొండలెక్కినది. టెనెసీ, ఉత్తర కరోలినా, కెంటకీల కొండలలో తూటాకు డబ్బులేని కుటుంబముల కొరకు కొందరు కమ్మరులు ఇరువదవ శతాబ్ది తొలినాళ్ల వరకును పాత తుపాకులను బాగుచేయుచు, అప్పుడప్పుడు కొత్తవి చేయుచు నుండిరి. వారు చేసిన పనులలో ఒకటి మాకు మిక్కిలి అర్థవంతముగా తోచినది. వాడి వాడి గాడులు అరిగిన గొట్టమును తెచ్చినప్పుడు, కమ్మరి దాని లోనికి ఒక కడ్డీ దించి, దాని చుట్టు సీసము కరగి పోయును. సీసము గాడుల రూపమును పట్టి గట్టిపడును. ఆ సీసపు ముద్దలో చిన్న ఉక్కుపండ్ల నొకదానిని పొదిగి, ముందుకు వెనుకకు లాగగా, అది పాత గాడుల మెలికనే అనుసరించి వానిని మరల లోతు చేయును. కొలత పట్టికలు అక్కరలేదు. పాత గాడియే కొత్త గాడికి దారి చూపును.

1924లో జాన్ డిల్లిన్ ‘ది కెంటకీ రైఫిల్’ అను గ్రంథమును ప్రకటించెను. అందు దోషములు కలవని తరువాతివారు చూపిరి. ఐనను అటకలపై పడియున్న తుపాకులను జనులు దించి తుడిచినది ఆ గ్రంథము వచ్చిన పిదపనే. 1933లో మూతిమందు తుపాకులవారి జాతీయ సంఘ మేర్పడినది. ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ గ్రామమున ఏటేట పోటీలు పెట్టుట దాని ఆచారము. పోటీకి తుపాకి కావలెను, పాతవి చాలవు. టెనెసీవాడగు హాకర్ మార్టిన్ వంటి కొద్దిమంది పాత పద్ధతిలో చేసి యిచ్చుచుండిరి. 1954లో టర్నర్ కిర్క్‌లాండ్ అదే రాష్ట్రమునందలి యూనియన్ సిటీలో తపాలా మీద విడిభాగములు పంపు వ్యాపారమును ఆరంభించెను. 1960లో వెలువడిన జో కిండిగ్ గ్రంథము పాత తుపాకులను ఊరూరి శైలులుగా విభజించి, ఒజ్జ యొకనిని మరియొకనినుండి వేరుపరచుట నేర్పినది. మా దృష్టిలో డిల్లిన్ చేసినది సేకరణము. కిండిగ్ చేసినది పరిష్కరణము.

ఇన్ని జరిగినను, ఇనుపపట్టీతో ఆరంభించి పేలెడి తుపాకితో ముగించుట ఒక్క మనుష్యుని చేతనగునా యను సందేహము తీరలేదు. దానిని తీర్చినవాడు వర్జీనియాకు చెందిన వాలెస్ గస్లర్. విలియమ్స్‌బర్గ్ అను పాత రాజధానిని పదునెనిమిదవ శతాబ్ది నాటి రూపమున నిలిపిన సంస్థలో ఆయన తుపాకి శాలకు ఒజ్జయయ్యెను. ఆయన ఒక గాడితుపాకిని మొదలంట చేయుచుండగా తీసిన చలనచిత్రము 1969 నాటిది. మేము దానిని పలుమారులు చూచితిమి. గొట్టమునకు వలయు పొడవైన ఇనుపపట్టీని కాచి, కడ్డీ చుట్టు దొన్నెవలె వంచి, అంచులు కలిపి, వెలిగారము చల్లి, కొలిమిలో తెల్లని వేడికి తెచ్చి, కొంచెము కొంచెముగా సుత్తితో అదుకుదురు. కడ్డీని వెంటనే లాగవలెను. ఆలస్యమైనచో అదియు గొట్టముతో నదుకుకొనును. మన దేశమున చేసిన మేలైన తోడా తుపాకులలో పట్టీని తీగవలె మెలిచుట్టుగా చుట్టి అదుకుట కలదు. అమెరికనుల అతుకు నిలువుగా పోవును. పిదప లోపలి బెజ్జమును బరమాలతో తొలిచి నున్నచేసి, వెలుపల ఎనిమిది పలకలు వచ్చునట్లు ఆకురాయితో రాయుదురు. గొట్టము సూటిగా నున్నదో లేదో కంటితోనే తెలిసికొందురు. లోపల బిగించిన దారము వెంట వెలుతురు చూచి, వంకర యున్నచోట సుత్తితో ఒక దెబ్బ.

గాడులు తీయు సాధనము కొయ్యది. లావైన కొయ్యదూలముపై మెలిచాళ్లు చెక్కియుండును. అది చట్రములో ముందుకు పోవునప్పుడు తిరుగుచు పోవును. దాని కొసనున్న హికరీ కడ్డీకి చిన్న రంపపు పండ్లు గల ఉక్కుముక్క పొదుగుదురు. ఒక్కొక్క లాగునకు ఇనుము నుసిగా రాలును. లోతు పెరుగవలసినప్పుడు ఉక్కుముక్క క్రింద కాగితపు ముక్క నొకదానిని చేర్తురు. యంత్రయుగమునకు ముందు వెంట్రుకవాసి కొలతను కాగితముతో సాధించిన ఈ ఉపాయము మమ్ము ఆశ్చర్యపరచినది. సామాన్యముగా గాడులు ఏడు. మెలిక 48 అంగుళములకు ఇంచుమించు ఒక చుట్టు. గాడులు బేసి సంఖ్య యగుటచే ప్రతి గాడికి ఎదుట ఒక గట్టు వచ్చును.

ఇక నూతనాభ్యాసి సంగతి. అతడు సామాన్యముగా ఇంత పని చేయడు. గొట్టమును, చెకుముకి యంత్రమును కొని, తక్కినది తాను చేయును. ‘తక్కినది’ అనుట తేలిక. మొదట అతడు తుపాకి నిండు కొలత చిత్రమును కాగితముపై గీయవలెను. ఏ తుపాకిని? ఇచ్చటనే అతని చదువు మొదలగుచున్నది. లాంకాస్టరు తుపాకి మడమ వెన్ను సూటిగా దిగును. లీహై లోయ తుపాకి వెన్ను ధనుస్సువలె వంగును. రెండు బాగున్నవి గదా యని ఒకదాని వెన్ను, మరియొకదాని మూత కలిపి చేసినవాని తుపాకి ఏ ఊరిది కాదు. రెండు ప్రతులలోని పాఠములను తోచినట్లు కలిపి అచ్చు వేయించిన కావ్యమువంటిది. అందుచే అనుభవజ్ఞులు కొత్తవానికిచ్చు మొదటి సలహా ఒక్కటే: ఒక పాత తుపాకిని ఎన్నుకొని, దానిని మాత్రమే అనుసరించుము, నీ ఊహను రెండవ తుపాకికి దాచుకొనుము.

చిత్రము పలకపైకి ఎక్కినది. గొట్టమునకు కొయ్యలో గాడి తొలువవలెను. ఎనిమిది పలకల గొట్టములో క్రింది ఐదు పలకలు కొయ్యలో అతికినట్లు కూర్చుండవలెను. పాత గొట్టములు నడుమ సన్నమై మూతివద్ద మరల ఉబ్బును గనుక ఈ పని మరింత కష్టము. ఇందుకు అతని గురువు మసి. దీపపు పొగను గొట్టమునకు పట్టించి, కొయ్యలో మెల్లగా ఒత్తి, తీసి చూచును. మసి అంటినచోట కొయ్య ఎక్కువగా నున్నదన్నమాట. ఉలితో కాగితమంత మందము గీకును. మరల మసి, మరల ఒత్తుట, మరల గీకుట. నూరు మారులైనను చేయవలెను. తొందరపడి రెండు పొరలు ఒక్కసారి తీసినవానికి గొట్టము ప్రక్క సందు కనబడును. దానిని పూడ్చుటకు ఉపాయములు కలవు గాని, మరుగుపరచుటకు లేవు. తప్పును నల్లగా చూపు ఈ మసి కంటె నిష్పక్షపాతియగు ఉపాధ్యాయుని మేమెరుగము.

గజము కొరకు కొయ్యలో పొడవుగా తొలుచు బెజ్జము అన్నిటికంటె భయంకరమైనది. గొట్టపు గాడికిని ఈ బెజ్జమునకును నడుమ అంగుళములో ఎనిమిదవ వంతు కొయ్య మాత్రమే నిలుచును. పొడవైన బరమా లోపల ఎటు పోవుచున్నదో కంటికి కనబడదు. పైకి తిరిగినచో గొట్టపు గాడిలోనికి పొడుచుకొని వచ్చును. క్రిందికి తిరిగినచో కొయ్య వెలుపలికి. పాత తుపాకులను విప్పి చూచినవారు కొన్నింట ఈ బెజ్జము వంకరగా పోయినదని చెప్పుదురు. ఒజ్జలకును చేయి జారెడిదని తెలిసినప్పుడు నూతనాభ్యాసికి కలుగు ఊరటను ఏ గ్రంథమును కలిగింపలేదు.

తరువాత చెకుముకి యంత్రమును కొయ్యలో పొదుగవలెను. దీని స్థానము గొట్టపు అడుగున బిగించిన మరబిరడాపై ఆధారపడును. చెవిబెజ్జము ఆ బిరడా ముఖమునకు ముందు పడవలెను. అదే సమయమున రంజకపు గిన్నెకు నడుమ రావలెను. వెనుకకు జరిగినచో నిప్పు బిరడా ఇనుముకు తగిలి ఆరిపోవును. ముందుగా కొయ్యను ఎక్కడ తెగగొట్టితిమో ఇక్కడ తేలును. ఈ పనిలో ఒక్కొక్క కొలత అంతకు ముందటి కొలతకు బానిస. వెనుకకు పోయి దిద్దుట కుదరదు. బెజ్జమో, అంగుళములో పదునారవ వంతు కంటె కొంచెము పెద్దది. సన్నమైనచో రంజకము గిన్నెలో మండి చల్లబడును, లోపలి మందు వినదు. గొట్టమును కొయ్యకు నిలుపునవి సన్నని సీలలు. అవి దూరు చెవులలోని రంధ్రములను గుండ్రముగా గాక పొడవుగా తీయవలెను. వర్షకాలమున ఉబ్బి, చలికాలమున ముడుచుకొను కొయ్యకు ఇనుముతో పేచీ రాకుండుటకు ఇదియే మార్గము. ఈ చిన్న జాగ్రత్తను ఏ చిత్రపటమును చూపదు. పాత తుపాకిని విప్పి, సీల తీసి చూచినవాడే ఎరుగును.

కొయ్యపై నుండవలసిన బరువును గూర్చి ఒక మాట. కొత్తవారి తుపాకులన్నిటికి ఒకటే గుర్తు కలదందురు: అవి లావుగా నుండును. కోసినది మరల అంటదను భయముచే కొత్తవాడు కొయ్యను మిగిల్చును. ఒజ్జ నిర్భయముగా తీసివేయును. పాత తుపాకిని చేతబట్టినప్పుడు గొట్టము ప్రక్కన కొయ్య గ్రుడ్డు పెంకువలె పలుచగా నుండుట చూచి కొత్తవాడు నిర్ఘాంతపోవును. పొడవు ఐదడుగుల చిల్లర, బరువు నాలుగు కిలోలకు అటునిటు. కొయ్యను తగ్గించుటలోనే ఈ లెక్క కుదిరినది. ఎంత తీయవలెనో తెలియుట గీతలనుండి రాదు, పాత వస్తువును తాకుటనుండి వచ్చును. ఈ కారణముననే వస్తుప్రదర్శనశాలల గాజు పెట్టెలు ఈ విద్యార్థులకు శత్రువులు. కొన్ని శాలలు వారికి పెట్టెలు తెరచి కొలుచుకొననిచ్చుట ఈ పునరుజ్జీవనమునకు జరిగిన పెద్ద మేలు.

రంగు వేయుటతో మాకు ఎక్కువ పనిలేదు; ఐనను ఒక వింత చెప్పక విడువలేము. ఇనుపరజనును కరగించుకొన్న నత్రికామ్లమును మేపుల్ కొయ్యకు పూసి ఆరనిచ్చిన, కొయ్య పాచిపట్టినట్లు పసరువన్నె చెందును. మొదటిమారు చూచినవాడు కొయ్య పాడైనదని నిలువున నీరగును. నిప్పుకణికల సెగ చూపగానే ఆ పసరు పోయి, పొరపొరల వెంట ఎర్రని తేనెరంగు పులిచారలవలె మేల్కొనును. అటుపై అవిసెనూనె. చివరకు తుపాకిని బిగించికట్టి, దూరమునుండి చాటున నిలిచి తాడుతో మీట లాగి పరీక్షింతురు. తన పనిని తాను నమ్మకపోవుట ఇచ్చట వివేకమనబడును.

గొట్టమును, యంత్రమును కొన్నవాడు తుపాకిని ‘చేతితో చేసితిని’ అనవచ్చునా? ఈ వివాదము ఆ వర్గమున తరచు వినబడును. మొదలంట చేయనిది అసలుపని కాదని కొందరి పట్టు. మా అభిప్రాయమున ఈ పట్టు చరిత్రకు కుదరదు. లాంకాస్టరు ఒజ్జ లండను యంత్రమును, బర్మింగ్‌హాము యంత్రమును కొని వాడెను. ఆతని పేరు అందుచే చెడలేదు. ఒజ్జ విద్య భాగములను పుట్టించుటలో కంటె వానికి పొత్తు కుదుర్చుటలో నుండినది. మరి నేటివానికిని నాటివానికిని భేదము లేదా? కలదు, పెద్దది. నాటివాడు గిరాకిదారు కొరకు చేసెను. తన కాలపు అభిరుచి మారినప్పుడు తానును మారెను. నేటివాడు మారినచో తప్పు, మారకున్నచో ఒప్పు. డికర్టు ఎవరిని అనుకరింపవలెనని చింతింపలేదు. నేటి ఒజ్జ ఎంత నేర్పరియైనను డికర్టు నీడ విడువలేడు. విద్య లేచినది, స్వేచ్ఛ ఇంకను పూర్తిగా లేవలేదు. కొందరు నేటి ఒజ్జలు పాత శైలి హద్దులలో తమదియైన లతను చెక్కుచున్నారు. వారి పనియందే మాకు ప్రాణము కనబడుచున్నది.

ఈ విద్య అచ్చట లేచి మనవద్ద లేవకపోవుటకు శాసనమును కారణమే. అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టము పాత పద్ధతి మూతిమందు తుపాకులను పురాతన వస్తువుల కోవలో చేర్చి సమాఖ్య నిబంధనలనుండి చాలవరకు విడిచినది. మన దేశమున 1878 నాటి ఆయుధచట్టము పిదప తుపాకి ప్రభుత్వానుమతికి లోబడిన వస్తువైనది. 1959 నాటి చట్టము క్రిందను అనుమతిపత్రము లేక నాటుతుపాకి చేయుట నేరమే. ఆ నిషేధము తగినదే యని మేము తలంతుము. కాని దానితోపాటు కమ్మరుల నోటనున్న మాటలు కూడ మూగవోయినవి. రంజకము, గజము వంటి పదములు నిఘంటువులలో మిగిలినవి. గొట్టమును ఏమని పిలుచుచు అదికిరో, ఏ వేడికి ఏ పేరు పెట్టిరో అడుగుటకు మనుష్యులు మిగులలేదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదములతో మాండలిక వృత్తిపదకోశమును ఆరంభించుట ఎంత సమయోచితమో ఈ దృష్టితో చూచిన తెలియును. మాట మిగిలినచో పని సగము మిగిలినట్లే.

అసలు వస్తువు మిగిలి పద్ధతి పోయిన ఉదాహరణము మన తెలంగాణముననే కలదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించి చేసిన ఉక్కు పారశీక దేశపు కత్తులకు ముడిసరకై యుండెను. అచ్చటి పనిని కన్నులార చూచిన హెన్రీ వాయిసీ రచన ఆయన మరణించిన పిదప 1832లో ప్రకటింపబడినది. ఇస్ఫహాను నుండి వచ్చి ఆ ఊరిలో ఉక్కు కొనుచున్న వర్తకుని గూర్చియు ఆయన వ్రాసెను. ఆ మూసలు చల్లారినవి. వంశపరంపర తెగినది. 2010లో బెంగుళూరు, ఎక్సెటరు పండితులు తెలంగాణ గ్రామములు తిరిగి చిట్టెపు దిబ్బలను, మూసల పెంకులను లెక్కించిరి. అమెరికాలో ఫ్లోరిడాకు చెందిన ఆల్ఫ్రెడ్ పెండ్రే అను గుర్రపునాడాల కమ్మరియు, వెర్‌హోవెన్ అను లోహశాస్త్రజ్ఞుడును కలిసి ఏండ్ల తరబడి కరగించి, కొట్టి, ఆ కత్తుల నీటిచారలను మరల రప్పించిరి. ఇనుములో అత్యల్పముగా నుండు వనేడియము వంటి మూలకములే ఆ చారలకు హేతువని 1998లో ప్రకటించిరి. గాడితుపాకివారికి విప్పి చూచుటకు వేలకొలది తుపాకులు, అడుగుటకు కొండలలో ఒకరిద్దరు ముసలివారు దొరికిరి. పెండ్రేకు దొరికినవి పాత కత్తిముక్కలును, బాటసారులు వ్రాసిన కొన్ని పుటలును. ఆ రెండు విద్యలు తిరిగివచ్చిన తీరులో గల వ్యత్యాసమంతయు ఈ దొరకుబడిలోనే యున్నది. తుపాకివారు ముసలివారిని అడుగవలసిన సమయమున అడిగిరి. 1979లో వెలువడిన ‘ఫాక్స్‌ఫైర్’ ఐదవ సంపుటము జార్జియా రాష్ట్రమున పాఠశాల విద్యార్థులు కొండ కమ్మరుల యొద్దకు పోయి, వారి మాటలను వారి యాసలోనే ఎత్తివ్రాసికొన్న ఫలము. చెకుముకి తుపాకుల పని అందు పెద్ద భాగము. ప్రశ్నలడిగినవారు బడిపిల్లలు, వారికి తెలియనిది దాచుకొను బిడియము లేనందున, పండితుడు అడుగ మరచు ప్రశ్నలను అడిగిరి.

తన తుపాకి పూర్తియైన నూతనాభ్యాసికి ఇంకొక పని మిగిలియుండును. పాత ఒజ్జలలో పలువురు గొట్టపు పై పలకపై, కంటికెదురుగా వచ్చుచోట, తమ పేరు చెక్కెడివారు. మన లేఖకులు తాళపత్ర గ్రంథము చివర తమ పేరును, సంవత్సరమును, మాసమును వ్రాసికొన్నట్లే. నేటి పని పాతదానికి ఎంత సమీపమునకు వచ్చినదన, పేరులేని కొత్త తుపాకిని మసిబారించి, అరగదీసి, పురాతనమని అమ్మిన మోసములు జరిగినవి. కావున నేడు ఆ వర్గములో మర్యాద గలవాడు ఆ పై పలకపై తన పేరునే గాక, సంవత్సరమును గూడ లోతుగా చెక్కును. సానరాయికి అరుగనంత లోతుగా.